తువ్వాలలో తుమ్మకాయలు

సోమవారం, రాత్రి

రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు. దవాఖానలో కూర్చోలేక బాపును దగ్గర్లోని బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్లాను. పేర్ల పలకలున్న చెట్లేవీ ఆయన చూడలేదు. ఓ మూల తుమ్మచెట్టు కింద వంగి, రాలిన కాయలు ఏరి తువ్వాలలో మూట కట్టాడు.

"ఎందుకు బాపూ?"

"మేకలకు, బిడ్డా. మస్తు తింటయి."

బాపు ఆపరేషన్ కోసం మేకల మందంతా పోయిన వారమే అమ్మేశాం. బండెక్కించింది కూడా బాపే. గేటు దగ్గర ఆయనకే గుర్తొచ్చినట్టుంది, ఆగాడు. మూట మాత్రం పారెయ్యలేదు.

సాయంత్రం రిపోర్టు చూసి, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. బయటికొచ్చాక బాపు మూట తడుముతూ అడిగాడు.

"గట్లయితె మేకలను వాపసు తెచ్చుకుందమా, బిడ్డా?"

చౌటుప్పల్ బస్సు కోసం చూస్తూ "తెద్దాం" అన్నాను. ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. మూట తలుపు పక్కనే ఉంది.