పెట్టె హమాలీ మోస్తాడు

చిరంజీవి సుందర్‌రాజుకు, ప్రభువు కాపుదలలో ఓడ మీద హాయిగా ఉన్నానని మీ నాయిన రాయడం.

మీ చెల్లె గ్రేస్ నర్సుగా పనిచేసే ఓడలో నాకు రాజభోగమే బిడ్డా. బొంబాయి రేవులో అలవాటుకొద్దీ పెట్టె నేనే నెత్తికెత్తుకుంటే, పాలమూరు హమాలీ ఒకడు అడ్డం నిలబడ్డాడు. “పెద్దయ్యా, నువ్వే మోసుకుంటే నా పొయ్యి ఎట్ల మండాలె?” అన్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో బతుకంతా బస్తాలు మోసినవాణ్ణి, నాకు తట్టవద్దా? సిగ్గుపడి పెట్టె ఇచ్చాను. బేరమాడలేదు.

ఓడలో నా గది సర్దే అతనికి ఆఖరి రోజు బక్షీసు కవరులో పెట్టి బల్ల మీద వదలాలట. “చేతికియ్యద్దు నాయినా, ఈడ పద్ధతి గట్ల కాదు” అంటుంది గ్రేస్. “బల్ల మీద పెడితే ఇచ్చినట్టా, మర్చిపోయినట్టా?” అన్నాను. పేరడిగి, రెండు చేతులతో ఇచ్చే దిగుతాను.

మీ అమ్మ మోకాళ్ల నూనె అయిపోతే కొనిపెట్టు. మేకలు ఈనినవా? చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించు. పిల్లలకు దీవెనలు.

ఆదివారం లింగంపల్లి స్టేషన్లో రైలు దిగుతాను. పెట్టె నువ్వు ఎత్తుకోకు, హమాలీని పిలువు. అమ్మను తప్పక తీసుకురా. నెత్తి మీద బరువు లేకుండా నేను నడిచేది ఆమె చూడాలి.

మీ నాయిన
బర్నబా