పట్టినవాడి మాట

జూన్ 3, మంగళవారం

నేను కొల్లి అప్పలనరసమ్మను. ఎనభై తొమ్మిది నిండాయి. ఊరు కాకినాడ. ఇప్పుడుంటున్నది అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో, పోయిన నా కూతురి కొడుకు కిరణ్ అపార్ట్‌మెంట్‌లో. వాడు, వాడి పెళ్లాం స్వాతి, నేను — ముగ్గురం. నాకు చదువు రాదు. రాస్తున్నది కింది వాటాలో సుగుణ. కూతురి పురుడికి వచ్చింది, ఊళ్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. "కొంచెం సర్ది రాస్తాను పిన్నిగారూ" అంది. సర్దేమాటైతే కలం అక్కడ పెట్టి లేచి వెళ్లమన్నాను. కూర్చుంది.

ఆయన పేరు నేను పలకను. పెళ్లయిన దగ్గర్నుంచీ పలకలేదు. కిరణ్‌ని అడిగి సుగుణే రాస్తుంది: కొల్లి జోగారావు.

సంగతి ఇది. నిన్న కిరణ్ ఆఫీస్ నుంచి వచ్చి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. "తాతయ్య గురించి ఉంది అమ్మమ్మా, చూడు" అని నవ్వుతూ. పిస్కాటవేలో ఉండే ప్రసాద్ తన తండ్రి సత్యానందం పేరు మీద క్రికెట్ కప్పు పెట్టాడు. ఫాదర్స్ డే ఆదివారం నాడు పార్కులో ఫైనల్. ఆట అయ్యాక పెద్ద తెర మీద అందరికీ ఆ వీడియో వేస్తారు. అందులో సత్యానందం కుర్చీలో కూర్చుని చెబుతున్నాడు — మన దేశం టీమ్ ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి టెస్టులాడిన కాలం గురించి. "ఆ క్యాచ్ పట్టి ఉంటే మ్యాచ్ మనదే. మా జోగారావు వదిలేశాడు."

వదిలేశాడట.

ఆయన పోయి ఇన్నేళ్లయింది. ఇంకా వదలరు.

జూన్ 4, బుధవారం

జరిగింది జరిగినట్టు చెబుతాను. రాయి సుగుణా.

ఆ టూర్‌కి కాకినాడ నుంచి ఇద్దరు వెళ్లారు. సత్యానందం బంతి తిప్పుతాడు. మా ఆయన పన్నెండో మనిషి — ఎవరికైనా దెబ్బ తగిలితే బదులు నిలబడడానికి, లేకపోతే మంచినీళ్లు అందించడానికి. పెళ్లయి ఏడాది కాలేదు నాకు. ఆ టెస్టులో ఒకడికి చీలమండ బెణికింది. ఆయన్ని దింపారు. షార్ట్ లెగ్‌లో నిలబెట్టారు. బ్యాట్స్‌మన్ కాళ్ల పక్కన, బంతి ముఖానికే వచ్చే చోటు.

సత్యానందం వేశాడు. బ్యాట్ అంచు తగిలి బంతి కిందికి దిగింది. ఆయన పడి అందుకున్నారు. మనవాళ్లందరూ ఔటని చేతులు పైకెత్తి గంతులేశారు.

ఆ రోజుల్లో ఒక మర్యాద ఉండేదట. బంతి నేలకు తగిలిందో లేదో అనుమానం వస్తే ఆ బ్యాట్స్‌మన్ పట్టినవాణ్నే అడిగేవాడు. పట్టానంటే వెళ్లిపోయేవాడు. లేదంటే ఉండిపోయేవాడు. అంపైర్ దాకా పోయేది కాదు. పట్టినవాడి మాటే ఆఖరు.

ఆ తెల్లవాడు అడిగాడు. ఈయన లేదన్నారు. నేలకు తగిలిందన్నారు.

వాడు సాయంత్రం దాకా ఆడాడు. మ్యాచ్ పోయింది. ఆ తర్వాత కెప్టెన్ ఈయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మిగిలిన టూరంతా ఈయన చేతికి మంచినీళ్ల పళ్లెమే. ఓడలో తిరిగొచ్చేటప్పుడు భోజనానికి కూడా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాకినాడ వచ్చాక టీ కొట్టు దగ్గర — "ఇంగ్లండెళ్లి ఏం పట్టుకొచ్చావోయ్, జలుబా?" మళ్లీ ఏ టీమ్‌కీ పిలవలేదు. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరారు.

నాతో ఒక్కసారే చెప్పారు. వంటింట్లో నేల మీద నిమ్మకాయ పెట్టి, దాని మీద నా చెయ్యి పెట్టించారు. వేళ్లు చుట్టూ మూయమన్నారు. "నిమ్మకాయ కింద గచ్చు తగులుతోందా?" నిమ్మకాయ గచ్చు మీదే ఉంది కదా అన్నాను. "పక్కన నిలబడ్డవాడికి కనపడుతుందా?" కనపడదు. "అంతే" అని లేచి వెళ్లిపోయారు. ఆ నిమ్మకాయతోనే ఆ పూట పులిహోర కలిపాను.

వదిలేయడం వేరు. పట్టలేదని తన నోటితో చెప్పడం వేరు. ఆ తెర మీద ఈ రెండోది ఉండాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

జూన్ 5, గురువారం

ప్రసాద్‌కి ఫోన్ చెయ్యమంటే కిరణ్ వినిపించుకోలేదు. ఇంట్లో మైక్రోవేవ్ ఒక్కటే మాట్లాడింది.

జూన్ 6, శుక్రవారం

స్వాతి చేసింది ఫోన్. స్పీకర్‌లో పెట్టింది.

"నమస్తే ఆంటీ" అన్నాడు ప్రసాద్. అరవై ఏళ్లవాడు. గొంతులో తేనె. నేను తేనె పక్కన పెట్టి విషయం చెప్పాను. అంతా విన్నాడు. ఆపైన — "ఆంటీ, ఒక పని చేద్దాం. డ్రాప్ అన్న ముక్క తీసేస్తాం. క్లీన్ క్యాచ్ అని పెడదాం. తెల్ల అంపైర్ కావాలని నాటౌట్ ఇచ్చాడు, మనవాళ్లని మోసం చేశారు అని. జోగారావు అంకుల్ ఫొటో కూడా వేద్దాం. జనం లేచి చప్పట్లు కొడతారు."

అంపైర్ ఏం పాపం చేశాడని అడిగాను. అతన్ని ఎవరూ అడగనే లేదు కదా.

"అదెవరికి తెలుసు ఆంటీ ఇప్పుడు."

"నాకు తెలుసు" అన్నాను.

"మీకు అంకుల్ చెప్పింది తెలుసు. గ్రౌండ్‌లో ఉన్నది మా నాన్నగారు."

అయితే ఆ గ్రౌండ్‌లో ఉన్నాయన్నే అడుగుతాను, ఇంటికి వస్తాను అన్నాను. తేనె అయిపోయింది. "నాన్నగారికి హెల్త్ బాలేదు, చూద్దాం ఆంటీ" అన్నాడు.

జూన్ 7, శనివారం

పొద్దున్నే మొదలెట్టాడు కిరణ్.

"ఇంతకంటే ఏం కావాలి అమ్మమ్మా? తాతయ్యని హీరోని చేస్తానంటున్నాడు."

"మీ తాత అబద్ధమాడాడని చెబుతానంటున్నాడురా. ఆయన పట్టలేదన్నాడు. వీడు పట్టాడంటాడు. అప్పుడు ఆయన చెప్పింది ఏమయింది?"

"అది లాజిక్. జనానికి లాజిక్ అక్కర్లేదు. ఫొటో వేస్తారు, చప్పట్లు కొడతారు, ఇంటికొచ్చేస్తాం."

"వదిలేశాడన్నవాళ్లే నయం. కనీసం చేతులనే తిట్టారు. నువ్వు నోటిని తిడుతున్నావు."

వాడు తల పట్టుకున్నాడు. వాడి బాధ నాకు తెలియంది కాదు. వాడి వీసా ప్రసాద్ కంపెనీ మీద ఉంది. ఎక్స్‌టెన్షన్ వేయాల్సింది ఆయనే. స్వాతి వీసా వీడి మీద. ఒకటి ఊడితే రెండూ ఊడతాయి. ఆ మాట వాడు అనలేదు. నేనే రాయిస్తున్నాను, తెలిసి కూడా అడిగానని రేపు ఎవరైనా అంటే దాచుకున్నట్టు ఉండకూడదు.

సుగుణ ఇక్కడ ఆగి, "పాపం పిల్లాడు కదా పిన్నిగారూ" అంది. అదీ రాయి అన్నాను.

జూన్ 9, సోమవారం

ప్రసాద్ ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేయించాను. ఎత్తలేదు.

జూన్ 11, బుధవారం

వెళ్లాను. చెప్పకుండానే.

స్వాతికి ఆఫీస్. కిరణ్‌కి ఇవాళ ఇంటి నుంచే పని. డ్రైవ్ చెయ్యనన్నాడు. సరే, నడిచి పోతానని చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. కారు తీశాడు. సుగుణ వెనక కూర్చుంది.

ప్రసాద్ తలుపు తీసి మొహం మార్చి మళ్లీ సర్దుకున్నాడు. "రండి ఆంటీ, టీ పెడతాను." ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. సత్యానందం కిటికీ పక్కన వాల్చిన కుర్చీలో ఉన్నాడు. ముందు వాకర్. దాని కాళ్లకి టెన్నిస్ బంతులు కోసి తొడిగారు, నేల గీరుకోకుండా. ఒకప్పుడు బంతి గిర్రున తిప్పిన మనిషి. వేళ్లు ఇప్పుడు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. జాలి పడలేదు నేను.

"ఎవరు?" అన్నాడు.

"మాది కాకినాడ, అన్నయ్యగారూ."

"కాకినాడలో ఎవరు?"

"మా ఆయన మీతో ఇంగ్లండు వచ్చారు."

"చాలామంది వచ్చారమ్మా. ఎవరాయన?"

సుగుణ నోరు తెరవబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. ఇది ఇంకొకరి నోటి నుంచి రావాల్సింది కాదు. నేనే అన్నాను.

"జోగారావు."

పలికాక నాకే ఎవరో పరాయి మనిషి పేరులా వినిపించింది. కిరణ్ తలెత్తి చూశాడు.

ముసలాయన కళ్లలో ఏదో వెలిగింది. "జోగులా? షార్ట్ లెగ్. వాడు నిలబడే చోట ఇంకెవడూ నిలబడేవాడు కాదు. పిచ్చివాడు."

"ఆ రోజు బంతి వదిలేశాడా అన్నయ్యగారూ?"

"ఎవడన్నాడు? వదల్లేదు. చేతిలోనే ఉంది. పైకెత్తి చూపించాడు. తెల్లవాడు అడిగాడు, వీడు లేదన్నాడు. నేలకి తగిలిందన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుని నిలబడితే ఏం పోయేదిరా నీ సొమ్ము అని తిట్టాను."

"మరి తగిలిందా, లేదా?"

"నాకెలా తెలుస్తుంది? ఆ తెల్లవాడు అడ్డం. వాడు మినప బస్తాలా ఉండేవాడు. నాకు జోగులు వీపే కనపడింది."

"మీరు చూడలేదు."

"చూడలేదు."

వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది. ప్రసాద్ చెంచా పట్టుకుని అలాగే ఉన్నాడు. కిరణ్ గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన, ఫోన్ చేతిలో. ఫోన్ వంక చూడడం లేదు.

టీ తాగాను. చక్కెర ఎక్కువ.

జూన్ 12, గురువారం

ప్రసాదే చేశాడు ఈసారి.

"నాన్నగారిని సాయంత్రం మళ్లీ అడిగాం ఆంటీ. డ్రాప్ చేశాడనే అన్నారు. ఆయనకి డిమెన్షియా. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి."

"అయితే వీడియోలో చెప్పింది ఏ పూటది బాబూ?"

మాట మార్చాడు. "వీడియో ఫైనల్ అయిపోయింది ఆంటీ. మార్చడానికి లేదు. ఆదివారం ఎండ బాగా ఉంటుందట, మీరు స్ట్రెయిన్ అవ్వద్దు." ఆపైన కిరణ్‌ని పిలిచాడు. స్పీకర్ తీయమనకుండానే అన్నాడు. "కిరణ్, మండే ఒకసారి కూర్చుందాం. నీ ఎక్స్‌టెన్షన్ విషయం." ఎంతో మర్యాదగా అన్నాడు.

కిరణ్ బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

జూన్ 13, శుక్రవారం

"మొన్న బుధవారం ఆ ముసలాయన ఏమన్నాడో విన్నావు కదరా" అని అడిగాను.

"ఆఫీస్ చాట్ చూసుకుంటున్నాను అమ్మమ్మా. సరిగ్గా వినలేదు."

సరే.

జూన్ 14, శనివారం

రేపే. ప్రసాద్ రావద్దన్నాడు. వెళతాను. ఎవరు తీసుకెళతారో ఇంకా తెలియదు. సుగుణ అల్లుడి కారులో పసిపిల్ల సీటు ఉంది, అది విప్పడం అతనికి రాదట. తెర మీద ఆ మాట వస్తే లేచి నిలబడతాను. మైక్ ఇవ్వరు. ఇవ్వకపోతే నా గొంతు చాలు, అన్నీ పోయినా అదొకటి ఉంది. కాని గొంతు ఆ పూటకే. అందుకని బుధవారం ఆ ఇంట్లో ఆ ముసలాయన అన్న మాటలు ఈ పేజీల్లో ఉన్నవి ఉన్నట్టుగా మరో కాగితం మీద రాయించాను. అక్కడున్న ఇద్దరి సంతకాలు కావాలి.

సుగుణ పెట్టింది. పెట్టేముందు అక్షరదోషాలు చూసుకుంది, పంతులమ్మ బుద్ధి.

కిరణ్‌ని పిలిచాను. కాగితం చూశాడు, పట్టుకోలేదు.

"నన్నెందుకు లాగుతావు? స్వాతి సంతకం పెట్టించుకో."

"స్వాతి అక్కడ లేదు. నువ్వున్నావు."

"నా ఉద్యోగం పోతే నువ్వేమైనా చేయగలవా?"

"చేయలేను."

"మరి?"

"తెలుసు నాకు. ఏమీ పోనివాణ్ని అడిగి ఏం లాభం? విన్నావా, లేదా? విననివాడివైతే పెట్టొద్దు. నిజంగా విననివాడివైతే నేనే పెట్టనివ్వను."

"నాకు కోపం వస్తోంది అమ్మమ్మా. నువ్వు చాలా మొండిదానివి."

"నాకూ కోపంగానే ఉంది. కూర్చో."

స్వాతి వంటింట్లోంచి వచ్చి తన కాటుక డబ్బీ మూత తీసి నా ముందు పెట్టింది. ఇంట్లో సిరా లేదు. వేలు అందులో అద్ది ఈ పేజీ మీదా, ఆ కాగితం మీదా ఒత్తాను. కిరణ్ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవడం నిదానం. వేలు పెట్టి ఒక్కో మాటే చదువుతున్నాడు. సగంలో ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. సుగుణ కలాన్ని వాడి వైపు జరిపింది. నేను జరపమనలేదు.

పైనున్నదంతా నా నోటి మాట. చదివించుకుని విన్నాను, ఒక్కచోటా మార్పించలేదు.

కొల్లి అప్పలనరసమ్మ, కొల్లి జోగారావు భార్య — కాటుకతో వేసిన వేలిముద్ర

విన్నవాళ్లు:

సుగుణ — సంతకం

కిరణ్, మనవడు — పేరు సుగుణ రాసింది. పక్కన చోటు ఉంచాం.