వాము నూనె, మల్లెపూలు

ఏమండీ,

రేపు మా చెల్లి సీమంతమని నేను ముందుగా భవానీపురం వెళ్తున్నాను. మీ అన్నం హాట్‌బాక్సులో ఉంది. పెరట్లో నల్లి పట్టిన రెండు తేనె పెట్టెల్లో పాత అట్టముక్కలు తీసేసి, వాము నూనె అద్దిన కొత్తవి పెట్టండి. నాలుగు చుక్కలు చాలు. ఘాటెక్కువైతే తేనెటీగలు పెట్టె వదిలిపోతాయి.

మల్లెల వాసనకి ఈగలు రేగుతాయని మీరన్నప్పటి నుంచి, తొమ్మిదేళ్లుగా వాసన లేని కనకాంబరాలే పెట్టుకుంటున్నాను. రేపు మాత్రం మూరెడు మల్లెపూలు పెట్టుకుంటాను. మీరొచ్చి చూడాలని ఉంది. పొద్దున్నే బస్సెక్కండి.

జ్ఞానేశ్వరి

పెట్టెలు వదిలి ఎలా రానూ అనకండి. రేపొక్కరోజు వాటిని చూడమని, మల్లెపూల సంగతి కూడా చెప్పి, పక్కింటి వీరభద్రరావుగారిని సిగ్గు విడిచి నేనే అడిగాను. ఆయన నవ్వారు. నవ్వనివ్వండి.