గాలి లేని చలికాలం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గాని, చేతిరాత చూస్తే నమ్మబుద్ధి కాలేదు. మీ బావ దగ్గు తగ్గింది. పాప నీ పాత లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోంది; మామయ్యలా తనూ కంప్యూటర్లో కొండలు కడుతుందట. వద్దనడానికి నోరు రాలేదు.

నువ్వు రెండు సంగతులు అడిగావు. రోప్‌వే ప్రమాదం మీద వేసిన విచారణ కమిటీ నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తుందని బెంగపడుతున్నానా అని ఒకటి. పడుతున్నాను. ఆ చలికాలం మా కనుమలో గాలి నిజంగా అంత తక్కువగా ఉందా అని రెండోది. దానికి జవాబు మూడుసార్లు రాసి చింపాను.

శిఖరం దాటిన గాలి ఇవతలి వాలు మీద విరుచుకుపడుతుందని నీ కంప్యూటర్ మోడల్ మొదటే చెప్పింది. నా వాతావరణ స్టేషన్ రీడింగులు చూసి ఫోన్ చేశావు. "అక్కా, నీ దగ్గర అసలు గాలే లేదు. నాదే ఎక్కడో తప్పు" అన్నావు. "అయ్యుంటుందిరా" అన్నాను. నా అంకెలకు సరిపడేదాకా నీ మోడల్ని మార్చావు. దాన్ని నమ్మి రోప్‌వే కట్టారు. గాలికి ఊగి, తీగ మీద వెళ్ళే పెట్టె స్తంభానికి కొట్టుకుంది. అందులో ఉన్న మెకానిక్ పోయాడు. నేరం నీ నెత్తిన పడింది.

తమ్ముడూ, ఆ చలికాలం గాలిని కొలిచే గిన్నెలు మంచు పట్టి తిరగడం మానేశాయి. కొత్తవి పంపమని మూడు అర్జీలు పెట్టాను. "ఖాళీ గళ్ళు పంపితే స్టేషనే ఎత్తేస్తారమ్మా, ఏదో ఒకటి రాసెయ్" అన్నాడు మా పై అధికారి. స్టేషన్ పెట్టి ఏడాదైనా కాలేదు. నా దగ్గరున్నవి గాలి తక్కువుండే వేసవి అంకెలే. వాటినే అటూ ఇటూ మార్చి నాలుగు నెలలు నింపాను. బయట తలుపు గొళ్ళెం ఊడేంత గాలి.

నువ్వు ఫోన్ చేసిన రోజే చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు. మన ఇద్దరిలో చదివించింది నిన్నే. నీ లెక్క తప్పి నాది ఒప్పయిందని ఆ పూట నాకు సంతోషంగా కూడా అనిపించింది.

అర్జీల నకళ్ళతో సహా ఉన్నదంతా కమిటీకి నిన్న పంపేశాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాడివి, అదే అదనుగా నేను ఊరుకునేదాన్ని.

పొద్దున మెకానిక్ భార్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. కూర్చోమనలేదు. "ఇన్నాళ్ళూ మీ తమ్ముణ్ణి తిట్టుకున్నాను. ఆయనకి తెలుసా?" అంది.

"ఇంకా తెలీదు."

"ముందు ఆయనకి కదా చెప్పాలి" అని తలుపు వేసుకుంది.

నువ్వు జవాబు రాయకపోతే ఎందుకని అడగను.

ఇట్లు,
నీ అక్క