పోశాలు హోటల్‌కు రాని గోలీల యంత్రం

జనగామ, 3 ఆగస్టు 1946. తుంపర. పొద్దున పొయ్యి అలికాను.

సికింద్రాబాదు కార్ఖానా ఉపేందర్ గారికి ఛాయ్ హోటల్ పోశాలు నమస్కారం.

స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గోలీ మేకుల మధ్య దొర్లి నూరు అని రాసిన గుంటలో పడే యంత్రం, మీ కార్ఖానాలో మొట్టమొదటిది, ఉగాదికి నాకే ఇస్తామన్నారు. ఇప్పుడు శ్రావణం.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. యంత్రం వస్తుందని ఊరికి ఒక్క మాట చెప్పాను. దాని కోసం రెండు బెంచీలు తీసేశాను. ఛాయ్ తాగేవాళ్లు నిలబడి ఆ ఖాళీ జాగాను చూస్తున్నారు. పాలు పోసే లచ్చమ్మ, "పోశాలన్నా, గా జాగల నా బర్రెను కట్టేస్త. గదన్న పాలిస్తది" అంటున్నది. ఇంకొన్నాళ్లు పోతే నా మాట ఎవరూ నమ్మరు.

ఇట్లు,
పోశాలు

తా.క.: యంత్రం వచ్చిన రోజు ముందు దాన్ని నాలుగు తన్ని, తర్వాత లోపల పెడతాను.

సికింద్రాబాదు, 12 ఆగస్టు

గౌరవనీయులైన పోశాలు గారికి,

జనగామలో యంత్రాన్ని తంతారని నాకు ముందు తెలియదు. తెలిపినందుకు కృతజ్ఞుణ్ణి. కాళ్లు ఊడదీసి మద్దికర్రతో మళ్లీ చేయిస్తున్నాను. మొదటి యంత్రం కదా, పేరు పోకూడదు. దసరాకు తప్పకుండా పంపుతాను.

మీ విధేయుడు,
ఉపేందర్

తా.క.: యంత్రం బాగానే ఆడుతోంది. పరీక్షించడానికి కూర్చున్న మా బాపు నాలుగు రోజులుగా లేవలేదు.

జనగామ, 9 అక్టోబరు. ఎండ. గ్లాసులు బూడిదతో తోమాను.

ఉపేందర్ గారికి,

దసరా దాటింది. తంతానని నేను కోపంతో రాసిన మాటను మీరు కొలతగా తీసుకున్నారు. అది వదిలేయండి.

గడీ నుంచి దొర మనిషి వచ్చాడు. "పోశాలూ, గా యంత్రం టేషన్ల దిగంగనే సీదా గడీకి వస్తది. దొర ఆడి సాలనుకుంటే నీకిస్తడు" అన్నాడు. మా దొర నోట చాలు అన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. కాబట్టి యంత్రం పంపకండి. రెండేళ్లు చేయండి. నాకు తొందర లేదు.

పోశాలు

తా.క.: లచ్చమ్మ నిజంగానే బర్రెను తెచ్చి కట్టేసింది. అందరూ దాన్నే యంత్రం అంటున్నారు.

సికింద్రాబాదు, 14 అక్టోబరు

పోశాలు గారూ,

తొందర లేదని మీరు రాయడం చెప్పుతో కొట్టినట్టయింది. ఆర్డరు రద్దు చేయడానికి దొరగారిని కల్పించారని అర్థమైంది. సిగ్గుతో రెండు రోజులు నిద్రపోకుండా పని ముగించి, యంత్రాన్ని నిన్ననే గూడ్సు బండి ఎక్కించాను.

తలెత్తుకోలేని
ఉపేందర్

తా.క.: బాపును దాని దగ్గర నుంచి లేపడానికి నలుగురు కావలసి వచ్చింది.

జనగామ, 2 నవంబరు. మంచు. బర్రెను బయట కట్టాను.

ఉపేందర్ గారికి,

నా కోపం తగ్గలేదని ముందే చెబుతున్నాను.

మీ పెట్టె దిగిన గంటకే గడీకి పోయింది. దొర పది రోజులు ఆడాడు. నూరు గుంటలో గోలీ ఒక్కసారీ పడలేదు. పక్కనున్నవాళ్లు "పడ్డట్టే దొరా" అంటూ వచ్చారు. చివరికి దొర, కూలి లేకుండా వెట్టి చేసే తండా మనిషి హీర్యాను పిలిచి, "అరేయ్, గిది ఖరాబైందేమో లాగి సూడు" అన్నాడు. హీర్యా లాగాడు. నూరు. మళ్లీ లాగమన్నాడు. నూరు.

"మంచిగనే ఉన్నది దొరా" అన్నాడు హీర్యా.

బయటికి తీసుకుపోయి గొడ్డలితో పగలగొట్టమని దొర హుకుం. హీర్యా దాన్ని బండి మీద వేసుకుని నా హోటల్‌కు తెచ్చాడు. మళ్లీ గడీకి పోలేదు. మర్నాటి నుంచి తండాలో ఎవరూ వెట్టికి పోవడం లేదు.

నిన్న దొర మనుషులు యంత్రం కోసం వచ్చారు. హోటల్లో ఆటకు చేరిన ఇరవై మంది కర్రలతో లేచి నిలబడ్డారు. వచ్చినవాళ్లు వెనక్కి పోయారు. అందరూ ఇది వెట్టి వద్దనే సంఘం ఇచ్చిన ధైర్యం అంటున్నారు. ఆట మధ్యలో ఆపారన్న కోపమని నాకు తెలుసు.

వరుస స్టేషన్ దాకా ఉంది. రెండో యంత్రం పది రోజుల్లో పంపండి.

పోశాలు

తా.క.: ఇవాళ్టి పనులు పూర్తిగా రాయలేదు. నీళ్లు మోశాను. చక్కెర డబ్బా నింపాను. పాలు పొయ్యి మీద పెట్టాను, ఇంతలో హీర్యా ఒక్క ఆట అన్నాడు, ఆ పాలు