సగటుకు దిగువ

క్లాంగ్, మలేషియా,
14 జూన్ 2025.

సింహాద్రికి,

దొరసామి నమస్కారాలు. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. నేను క్షేమమే, తాళం వేసి దాచిన వస్తువు ఎంత క్షేమమో అంత.

మన సాఫ్ట్‌బాల్ క్లబ్ యాభై ఏళ్ల సంచికలో నీ వ్యాసం మార్చిలోనే చదివాను. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య మనిద్దరం వంతులవారీగా నిలబడి బంతులాపిన ఆ ఏడాది, రాష్ట్ర జట్టుకు షార్ట్‌స్టాప్‌గా నన్ను కాదని నిన్నెందుకు తీసుకున్నారో లెక్క చూపించావు. చేతికందిన బంతుల్లో తప్పు లేకుండా ఆడినవి లీగ్ సగటున నూటికి తొంభై అయిదు. నీవి తొంభై ఎనిమిది. నావి తొంభై మూడు. నా పేరు పక్కన 'సగటుకు దిగువ' అని వేయించావు.

నేను చరిత్రలు చాలా చదివాను. రాజుగారి ఖర్చుతో రాసినవన్నీ ఇలాగే ఉంటాయి. అంకెలన్నీ నిజం, మొత్తం అబద్ధం.

చివరి పేజీలో నువ్వే అచ్చు వేయించిన పట్టిక చూడు. ఇరవై ఆటల్లో ఒక షార్ట్‌స్టాప్ చేసిన అవుట్లు లీగ్ సగటున ఎనభై. నీవి అరవై. నావి నూట ఇరవై. నేను తొమ్మిది తప్పులు చేశాను, నువ్వు ఒక్కటి. కానీ పరిగెత్తి బంతికి చెయ్యి తగిలించినవాడి పేరు మీదే తప్పు రాస్తారు. పక్కనుంచి పోతున్న బంతిని నిలబడి చూసినవాడికి ఏమీ రాయరు. నీ నిక్కరుకు మట్టి అంటగా నేను చూడలేదు. మనకు బంతి వేసే తంగరాజు, "ఈడికి బంతి పోస్టులో పంపాలి రా" అనేవాడు. నువ్వూ నవ్వేవాడివి.

ఈ నెల ఇరవై రెండున ఇక్కడ క్లబ్ భోజనాలు. నువ్వు ముఖ్య అతిథివి. నేను రాలేను. ఏప్రిల్‌లో ఒకరోజు ఇంట్లో చెప్పకుండా బయటికి వెళ్లాను. చీకటి పడ్డాక సబక్ బెర్నామ్ బస్టాండులో పోలీసులు నన్ను చూసి మా అబ్బాయి విక్నేష్‌కు ఫోన్ చేశారు. అప్పటినుంచి కొడుకూ కోడలూ పనికి వెళుతూ ఇనప గ్రిల్లుకు బయట తాళం వేస్తున్నారు. కోడలు ఉషా మర్యాదస్తురాలు. "ఎల్లొస్తాను మామా" అని చెప్పి మరీ వేస్తుంది. పగలంతా నేనూ, ఫ్యానూ. ఎదురింటి కన్నమ్మ కమ్మీల సందులోంచి రొటీ చనాయ్ అందిస్తుంది. ఇంట్లో నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

భోజనాలకు వెళతానంటే విక్నేష్ తలెత్తకుండా అన్నాడు: "ఒకపాలి తప్పిపోయినావు నాయినా, సాలు లా. మల్లీ తప్పిపోతే నానేటి సేసేది?"

వాణ్ణి బడికీ ట్యూషనుకీ ఇదే ఊళ్లో మోటారుసైకిలు మీద పన్నెండేళ్లు తిప్పాను. ఒక్కసారీ దారి తప్పలేదు. అదెవరూ రాసుకోలేదు.

ఆ సభలో నా పేరెత్తితే నా అవుట్లు కూడా చదువు. అంతకంటే అడగను.

ఇట్లు,
దొరసామి

తా.క.: ఏప్రిల్‌లో నేను దారి తప్పలేదు. బంతుల గురించి పైన రాసిందంతా నీ మొహం మీద అనడానికి బస్సులు మారి హుటాన్ మెలింటాంగ్‌లో మీ ఇంటికి వచ్చాను. మీ కోడలు షర్మిల గేటు దగ్గరికి వచ్చి, "మామ తొంగున్నాడు తాతా, లేపనా?" అంది. ఆ పిల్ల వెనక, గోడ మీద నీ భార్య దేవుడమ్మ ఫొటోకు దండ వేసి ఉంది. ఆమె పోయినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. లేపవద్దని చెప్పి వెనక్కి తిరిగాను. సబక్ బెర్నామ్ చేరేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఎప్పటివో బంతుల కోసం పోట్లాడడానికి అంతదూరం వెళ్లానని కొడుక్కి చెప్పలేక, దారి తప్పానన్నాను. ఇప్పుడు నిజం చెబుతుంటే, తాళం తీయించుకోవడానికి కల్పించానంటున్నాడు. షర్మిల నన్ను చూసింది, ఆమెను అడుగు. విక్నేష్ నంబరు కవరు వెనక రాశాను. పగలు పనిలో ఉంటాడు, సాయంత్రం చెయ్యి. నేను పక్కనే కూర్చుని ఉంటాను.