మలాం మీది బొటనవేలు

పండూ,

పోయినవాడికి ఉత్తరమేమిటని ఎవరైనా చూస్తే నవ్వుతారేమో. నవ్వనీ. నువ్వున్నప్పుడు నీకు ఒక్క ముక్కా రాసే పని పడలేదు. ఎప్పుడూ తెర అవతలే ఉండేవాడివి. కొట్టు ముందు గదిలో నేను, వెనక గదిలో పొయ్యి దగ్గర నువ్వు, మధ్యలో ఆ పచ్చ తెర. "పండూ, రెండు మలాం డబ్బీలు" అని నేను కేకేస్తే "తెస్తున్నా, గొంతు చించుకోకే" అని నువ్వు. ఇప్పుడూ నోరూరుకోక కేకేస్తున్నాను. తెర కదలదు. కొనడానికి వచ్చినావిడ నా మొహం వంక చూసి తల దించుకుంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నాకొచ్చిన అక్షరాలు ఎన్నో నీకు తెలుసు కదా, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

కొట్టు సంగతి నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను? కొత్త చట్టం వచ్చింది నాన్నా. హెంప్ మొక్క నుంచి, అదే మన మలాం నూనెకి వాడే గంజాయి జాతి మొక్క నుంచి, తీసినదేదీ ఇక ఊరికే అమ్మకూడదట. నూనె, సబ్బు, మలాం, దేనికైనా ల్యాబులో పరీక్ష చేయించిన ముద్ర ఉండాలట. ఎక్కడో ఎవరో మత్తెక్కే బిళ్ళలు చేసి, రంగు కాగితాల్లో చాక్లెట్లలా చుట్టి, బడి పక్కన అమ్మారట. పిల్లలు ఆసుపత్రి పాలయ్యారట. ఆ తల్లుల ఉసురు వాళ్ళకి తగలాల్సిందే, నేను కాదనను. కానీ మన మలాం రాసుకుని ఎవరికి మత్తెక్కిందిరా? మోకాళ్ళ నొప్పి తగ్గి మెట్లెక్కినవాళ్ళున్నారు గానీ తూలిపడినవాళ్ళున్నారా? ఆ బిళ్ళలవాళ్ళు దుకాణం ఎత్తేసి ఎటో పోయారు. ఉన్నచోటే ఉన్నందుకు మనం దొరికాం. ఎదురుగా సబ్బులావిడ అప్పుడే చేతులెత్తేసింది. ఆ కమ్మటి సబ్బుల అరల్లో ఇప్పుడు ఫోను తొడుగులు వేలాడుతున్నాయి. "ఏం చెయ్యను వదినా, వీటికి ల్యాబు అక్కర్లేదు" అంటుంది.

మన కొట్టుకి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నీ ఈడు పిల్లే. అద్దాల బీరువాలో నువ్వు పోయేముందు చేసిన ఆ ఆఖరి వాయి డబ్బీలు చూసి "ఇవి ఎవరు చేశారమ్మా?" అంది. నా కొడుకన్నాను. "అయితే ఆయన్ని ఆఫీసుకి పంపండి. చేసిన మనిషే వచ్చి, మా ముందు చేసి చూపించి, సంతకం పెట్టాలి. అప్పుడు సరుకు పరీక్షకి వెళుతుంది, మీకు లైసెన్సు వస్తుంది" అంది. వాడు రాలేడమ్మా అన్నాను. "ఊళ్ళో లేరా?" అంది. నేను గోడకేసి చూపించాను. నీ ఫొటో చూసి ఆ పిల్ల పెన్నుకి మూత పెట్టేసింది. నెమ్మదిగా చెప్పింది, చేసిన మనిషి లేకపోతే ఆ సరుకుకి దిక్కు లేనట్టేనట. మళ్ళీ వచ్చి తీసుకుపోయి తగలబెడతారట.

తగలబెడతారట పండూ. నిన్ను ఒకసారి తగలబెట్టింది చాలదా?

నీ పిచ్చుక సంగతి కూడా విను. నువ్వు ముద్దుగా పిచ్చుక అని పిలుచుకున్న నీ పెళ్ళామేగా. నా ముందు కంటనీరు పెట్టలేదు. చట్టం మాట చెవిన పడగానే "అత్తయ్యా, ఆ డబ్బీలు ఇప్పుడే అమ్మేద్దాం, తర్వాత ఎందుకూ కొరగావు" అంది. నా ఒళ్ళు మండిపోయింది. "నా కొడుకు చేతులు అమ్ముకుంటావా?" అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది, ఏదో అనబోయింది, మళ్ళీ మూసేసుకుంది. మర్నాడు సంచి సర్దుకుని వాళ్ళ అక్క ఉన్న ఊరు వెళ్ళిపోయింది. అక్కడేదో ప్యాకింగు ఫ్యాక్టరీలో నిలబడే పనట. నిలబడనీ.

ఇట్లు,
నీ అమ్మ


పండూ,

రేపు వస్తారట. కబురంపారు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నువ్వుంటే తిడతావు, లేవు కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే కొట్టులోకి వెళ్ళి లోపల్నుంచి షట్టరు దించేసి గడియ పెట్టుకుంటాను. ఆ డబ్బీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. షట్టరు కోసుకుని రానీ, నన్ను లాగి పారేసి తీసుకోనీ. అంతదాకా తిండీ నీళ్ళూ ముట్టను. ఇప్పటికే ముట్టడం లేదనుకో. ముద్ద నోట్లో పెట్టుకుంటే అక్కడే ఉండిపోతోంది, లోపలికి దిగే దారి మర్చిపోయినట్టు. పొయ్యి వెలిగించాలంటేనే భయం. నీ దగ్గు వినపడని వంటింట్లో ఏం వండను?

నీకు తెలుసుగా, ఆ వాయిలో ఒక్క మూతైనా నేను తీయలేదు. తీస్తే నువ్వు కొంచెం ఆవిరైపోతావేమోనని భయం. లోపల ఏముందో నాకు తెలియదా? ప్రతి డబ్బీ నడిమధ్య నీ బొటనవేలు గుంట. మలాం సగం గడ్డకట్టగానే బిగిసిందో లేదో అని వేలు నొక్కి చూసేవాడివి. చిన్నప్పుడు రేకు డబ్బా మూత తీయబోయి కోసుకున్నావే, ఆ గాటు అడ్డంగా గీతలా పడేది. కొత్తవాళ్ళు "ఇదేమిటి, ఎవరో వాడేసిన డబ్బీ అంటగడుతున్నారా?" అని గొడవ పెట్టేవారు. పాతవాళ్ళు ఆ గీత ఉంటేనే తీసుకునేవారు. దర్జీ మావయ్యయితే "మీ వాడి వేలు పడని డబ్బీ నాకొద్దు" అని ఎంచి మరీ పట్టుకెళ్ళేవాడు.

నీ బట్టల్లో నీ వాసన పోయింది. నీ గొంతు కూడా ఒక్కోసారి గుర్తుకు రాక గింజుకుంటున్నాను. నీ ఒంటి ఆనవాలు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ డబ్బీల్లో తప్ప. అవి కూడా ఇచ్చేసి నేనెందుకు ఉండాలి, నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ అమ్మ


పిచ్చుకమ్మా,

వాడు పిలిచే పేరుతో పిలుస్తున్నాను, కోప్పడకు. దీంతోపాటు ఇంకో రెండు ఉత్తరాలు పెడుతున్నాను. అవి నీకు రాసినవి కావు, వాడికి రాసినవి. అందులో నీమీద తిట్లున్నాయి. చింపేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. నువ్వు చదవాలి. చదివి నన్ను కూడా తిట్టుకో.

నేను అన్నట్టే షట్టరు దించుకుని కూర్చున్నాను. ముందు దర్జీ అన్నయ్య వచ్చాడు. "చెల్లెమ్మా, తలుపు తియ్యి. నువ్వు లోపల అలిగి కూర్చుంటే సర్కారు వచ్చి బతిమాలుతుందనుకున్నావా? బతికున్నన్నాళ్ళూ మీ ఆయనే బతిమాలి ఎరగడు" అన్నాడు. ఆ ఏడుపులో కూడా నాకు నవ్వొచ్చి చచ్చింది. తీయలేదు. తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. షట్టరు కోయిస్తుందనుకున్నాను. ఆ పిల్ల మెట్టు మీద కూలబడి "అమ్మా, మీ బాధ నాకు తెలియదనుకోకండి. నేను తీసుకెళ్ళకపోతే ఇంకొకరు వస్తారు, వాళ్ళు ఇలా కూర్చోరు" అంది. అంత మెత్తగా మాట్లాడేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. షట్టరు సగం ఎత్తి "ఏం తగలబెడుతున్నావో కళ్ళారా చూడు! ఇది మందు కాదు, నా కొడుకు వేలు!" అని ఒక డబ్బీ మూత తిప్పి దాని మొహం ముందు పెట్టాను.

వేలి గుంట ఉంది. గాటు లేదు.

నున్నగా ఉంది. చిన్నగా ఉంది. పొరపాటేమోనని ఇంకోటి తీశాను. అదీ నున్నగానే ఉంది. ఒక్కొక్కటీ తీసుకుంటూ పోయాను, మూతలు గచ్చు మీద దొర్లుతున్నాయి, ఒక్కదాంట్లోనూ గీత లేదు. దర్జీ అన్నయ్య తన జేబులోంచి పాత డబ్బీ తీసి పక్కన పెట్టాడు. అంచుల నుంచే గీక్కుని వాడుకుంటున్నాడట, మధ్యలో వాడి వేలు చెరిపేస్తే నొప్పి తగ్గదని ఆయన పిచ్చి. అందులో గాటు గీత నిక్షేపంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వాడు ఇంకోసారి చచ్చిపోయినట్టయింది నాకు.

ఆ తర్వాత ఒక్కొక్కటే వెలిగింది. ఆ చివరి రోజుల్లో తెర వెనక నుంచి వాడి గొంతు వినబడేది, "ఆపకు, ఇంకా తిప్పు, అడుగంటుతుంది" అని. తనలో తాను మాట్లాడుకుంటున్నాడనుకున్నాను. నీ మణికట్టుకి గుడ్డ కట్టుకుని తిరిగావు. ఏదో సోకనుకున్నాను. అది కాలిన గాయం కదూ? వాడు పీట మీద కూర్చుని దగ్గుతూ చెబుతుంటే నువ్వు పొయ్యి దగ్గర నిలబడి మైనం కరిగించావు, నూనె పోశావు, గరిటె తిప్పావు. నేను మూత తీసి చూస్తే తెలిసిపోతుందని వాడిలాగే వేలు కూడా నొక్కావు. వాడు నిలబడలేని స్థితికి వచ్చాడని నాకు తెలియకూడదని ఇద్దరూ కూడబలుక్కున్నారు. కొట్టు ముందు కూర్చుని నేనేమో "మా వాడి చేతి మహిమ" అని వచ్చినవాళ్ళందరికీ డప్పు కొట్టుకున్నాను. తెర అవతల నువ్వు అన్నీ వింటూనే ఉన్నావు.

అమ్మేద్దాం అని నువ్వెందుకన్నావో ఇప్పుడు తెలిసింది. అవి నీ చేతులే. నీ కష్టం నువ్వు అమ్ముకుంటానంటే నేను నా కొడుకు చేతులని అరిచాను. నువ్వు నోరు తెరిచి మూసుకున్నావు చూడు, ఆ మాట అప్పుడే అనేసి ఉంటే నేను ఆ రోజే చచ్చేదాన్ని. అందుకని దాన్ని మింగేసి ఊరు వదిలిపోయావు.

ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది, "మరి ఈ వాయి ఎవరు చేశారమ్మా?" అని. నా కోడలు అన్నాను. "ఆమె ఉన్నారా?" అంది భయంభయంగా. "ఉందమ్మా, బతికే ఉంది" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. నా మనిషి ఒకరు బతికే ఉన్నారని చెప్పుకోవడం నేను మర్చేపోయాను.

ఆ డబ్బీలు నేనే ఎత్తి ఇచ్చాను. తెరిచినవి ఇక పనికిరావట, అవి పోతాయి. మూత తీయని కాసిన్నింటికి సీలు వేసి తీసుకెళ్ళింది. నెలాఖరులోగా నువ్వొచ్చి, చేసి చూపించి, సంతకం పెడితే అవి ల్యాబుకి వెళతాయి. లేకపోతే కొట్టూ డబ్బీలూ రెండూ పోతాయి. ల్యాబువాళ్ళు ఏమంటారో తెలియదు. పరీక్ష ఖర్చు ఒక్కళ్ళం మొయ్యలేం, సబ్బులావిడ తనూ కలుస్తానంటోంది, ఫోను తొడుగులు చూసి చూసి ఆవిడకి విసుగెత్తిందట. ఇంకోమాట, మలాంలో ఇక వేలు పెట్టకూడదట. వేలు నొక్కుతామని చెబితే ఇన్‌స్పెక్టరమ్మ గుండె పట్టుకుంది. చేతికి తొడుగులేసుకుని చెయ్యాలి.

కొట్టు నిలబెట్టమని నేను అడగడం లేదమ్మా, అడిగే మొహం నాకు లేదు. నీకు ఇష్టమైతే రా. వస్తే చేసినవాళ్ళ పేరు దగ్గర నీ పేరే రాయాలి, వాడిదీ కాదు, నాదీ కాదు. రాకపోయినా ఆ గాయం ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. దర్జీ అన్నయ్య తన పాత డబ్బీ నాకే ఇచ్చేశాడు. అందులో వాడు, ఇక్కడ నేను. నువ్వొక్కదానివే ఊరవతల ఉన్నావు.

నిన్న పొయ్యి వెలిగించాను. ముద్ద దిగింది.

ఇట్లు,
నీ అత్తయ్య

ఫ్యాక్టరీలో నిలబడే పనన్నావుగా, ఖాళీ కడుపుతో వెళ్ళకు. ఇది చదివాక లేచి, ఉన్నదేదో కడుపునిండా తిను.